విక్కా చంద్ర ఆచారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన మనవాళ్లలో కొందరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పిలుపు వస్తుంది: "శనివారం ఫుల్ మూన్ సర్కిల్ ఉంది, వస్తావా?" పిలిచేది ఆఫీసులో పక్క సీటు అమ్మాయో, పక్కింటి పెద్దావిడో అయ్యుంటారు. వెళ్లాలా, వెళ్తే ఇంట్లో చెప్పాలా, అక్కడేం చేస్తారు, మనల్నేం చేయమంటారు అని నన్ను అడిగినవాళ్లకు చెప్పిన జవాబులే ఇవి. నేను విక్కన్‌ని కాను. అందరినీ రానిచ్చే పౌర్ణమి సర్కిళ్లకు అతిథిగా వెళ్తుంటాను, వాళ్ల చరిత్ర ఇష్టంగా చదువుతాను, అంతే.

విక్కా అంటే ఏమిటి?

ఇరవయ్యో శతాబ్దం నడుమ ఇంగ్లండులో పుట్టిన మతం. ఒక దేవత, ఒక దేవుడు ఉంటారు. దేవతకు చంద్రుడు గుర్తు, దేవుడికి కొమ్ములు గుర్తు. రుతువులు మారే రోజులే పండగలు. పీఠాధిపతి లేడు, అందరూ ఒప్పుకుని తీరాల్సిన గ్రంథం లేదు, గుడి కట్టాలన్న నియమం లేదు. కాబట్టి కింద ఎక్కడ "విక్కన్లు ఇలా చేస్తారు" అని ఉన్నా "చాలామంది" అని కలుపుకుని చదవండి.

సంఖ్యలో చిన్న మతమే. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లు కలిపి సుమారు 13,000 మంది తమ మతం విక్కా అని రాశారు. పేగన్ (క్రైస్తవానికి ముందటి ప్రకృతి ఆరాధన బాట పట్టినవాళ్లు) అని రాసినవాళ్లు సుమారు 74,000 మంది. వాళ్లలోనూ చంద్రుడి ఆచారాలు చేసేవాళ్లు ఉంటారు.

ఎస్బాట్, సబ్బాట్ అని రెండు మాటలు వినిపిస్తాయి. తేడా ఏమిటి?

సబ్బాట్‌లు ఏడాదికి ఎనిమిది. అయనాలు, విషువత్తులు నాలుగు, వాటి మధ్యలో వచ్చేవి నాలుగు. అక్టోబరు 31న వచ్చే సంహైన్, మే 1న వచ్చే బెల్టేన్ వీటిలో పెద్దవి. ఇవి సూర్యుడి లెక్క. ఎస్బాట్ చంద్రుడి లెక్క, ముఖ్యంగా పౌర్ణమిది. ఏడాదికి పన్నెండో పదమూడో వస్తాయి.

స్వభావంలోనూ తేడా ఉంది. సబ్బాట్ అంటే పండగ. బంధువులొస్తారు, పిల్లలు పరిగెడతారు. ఎస్బాట్ అంటే సాధన. ఎవరికో ఆరోగ్యం బాగుపడాలనో, ఉద్యోగం దొరకాలనో సంకల్పం చెప్పుకుని చేసే పనులన్నీ ఎస్బాట్‌కే అట్టిపెట్టుకుంటారు.

ఇది వేల ఏళ్ల నాటి ఆచారమా?

కాదు. కానీ ఇంటర్నెట్‌లో సగం మంది ఔననే చెబుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

1863లో కలకత్తాలో పుట్టిన మార్గరెట్ మరే లండన్‌లో ఈజిప్టు పురావస్తు పండితురాలు. ఒకప్పుడు యూరప్‌లో మంత్రగత్తెలని ముద్ర వేసి చంపినవాళ్లంతా నిజానికి ఒక ప్రాచీన మతస్థులని ఆమె 1921లో ఒక పుస్తకం రాశారు. ఎస్బాట్ అనే మాటనూ, కోవెన్‌కు, అంటే కలిసి సాధన చేసే బృందానికి, పదమూడు మంది అనే లెక్కనూ ప్రచారంలోకి తెచ్చింది ఆమే. ఆ మాటను పాత ఫ్రెంచి విచారణ పత్రాల్లోంచి తీసుకున్నారు. ఆమె సిద్ధాంతాన్ని చరిత్రకారులు తరవాత పూర్తిగా తోసిపుచ్చారు. అయితే అప్పటికే అది చేరాల్సిన చోటికి చేరింది.

ఆ చోటు జెరాల్డ్ గార్డ్‌నర్. 1884లో పుట్టాడు, సిలోన్, బోర్నియో, మలయాల్లో పనిచేశాడు, మలయాలో కస్టమ్స్ ఉద్యోగిగా ఉండి 1936లో రిటైరై ఇంగ్లండుకు తిరిగొచ్చాడు. 1939లో న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రహస్య బృందం తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేయగానే బయటపడి, 1954లో తన మతం గురించి పుస్తకం అచ్చువేశాడు. దానికి ముందుమాట రాసింది మార్గరెట్ మరేనే.

అతని ఆచారాల్లో ఎక్కడెక్కడివో ముక్కలున్నాయి: ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం పద్ధతులు, ఇంగ్లిషు మాంత్రికుడు అలీస్టర్ క్రౌలీ రాతలు, అమెరికన్ జానపద పరిశోధకుడు చార్లెస్ లీలండ్ 1899లో టస్కనీ ప్రాంతపు మంత్రగత్తెల సువార్త అంటూ ప్రచురించిన 'అరాడియా'. నెలకోసారి చంద్రుడు నిండుగా ఉన్నప్పుడు ఎవరూ చూడని చోట చేరి దేవతను కొలవాలన్న విధి ఈ చివరి పుస్తకం నుంచే వచ్చింది. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియంటే ఈ అతుకుల్ని, ముఖ్యంగా క్రౌలీ వాక్యాల్ని, చదవగానే పట్టేసింది. నిలదీస్తే గార్డ్‌నర్ ఒప్పుకుని, నీకు చేతనైతే బాగా రాయమన్నాడు. రాసింది. ఇవాళ పౌర్ణమి రాత్రుల్లో దేవత పలుకులుగా చదివే 'చార్జ్' అనే వచన పాఠం చాలావరకు ఆమె కలం నుంచి వచ్చినదే. ఆమె నివసించిన బ్రైటన్ భవనం మీద 2013లో స్మారక ఫలకం పెట్టారు.

కొత్తది కాబట్టి బూటకం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఎవరు, ఏ ఏడాది, ఎక్కణ్ణుంచి ఏం తీసుకుని కట్టారో తెలిసిన మతాలు అరుదు. ఇప్పటి విక్కన్లలో చదువుకున్నవాళ్లు ఈ కథను దాచరు కూడా. వేల ఏళ్ల నాటిదని బల్లగుద్ది చెప్పేవాళ్లు కనిపిస్తే వాళ్లు బహుశా ఏదో అమ్ముతున్నారు.

చంద్రుడు వాళ్లకు ఆడా మగా?

మనకు చందమామ మేనమామ, రోహిణికి మొగుడు, దక్షుడి అల్లుడు. వాళ్లకు ఆమె అమ్మ. గ్రీకుల సెలీనీ, రోమన్ల డయానా వరసలో చూస్తారు.

పెరిగే చంద్రవంక కన్య, పూర్ణబింబం తల్లి, తరిగే వంక ముదుసలి అని మూడు రూపాలు చెబుతారు. మెడలో గొలుసుకు వేలాడే ముచ్చంద్రుల బిళ్ల దీనికి గుర్తు: నడుమ నిండు బింబం, అటూ ఇటూ వీపులు ఆనించిన రెండు వంకలు. ఈ కన్య, తల్లి, ముదుసలి అనే వరసను ఇలా స్థిరపరిచింది రాబర్ట్ గ్రేవ్స్ అనే కవి, 1948లో రాసిన పుస్తకంతో. ఆ బిళ్లలో వంకలు నిలువుగా ఉంటాయి. మన అక్షాంశాల్లో చాలా నెలల్లో నెలవంక పడవలా వెల్లకిలా కనిపిస్తుంది. ఆ బొమ్మ ఉత్తరాది ఆకాశం చూసి గీసినది మరి.

పౌర్ణమి రాత్రి వరసగా ఏం జరుగుతుంది?

బృందాన్ని బట్టి గంట పట్టొచ్చు, మూడు గంటలు పట్టొచ్చు. వరస మాత్రం దాదాపు ఇదే.

ముందు చోటు శుభ్రం చేస్తారు. బల్ల మీదో బండ మీదో పీఠం పెడతారు. దాని మీద తెల్ల కొవ్వొత్తులు, నీళ్ల గిన్నె, ఉప్పు గిన్నె, ధూపం, వైన్ గిన్నె, రొట్టెలు. ఉప్పు నీళ్లలో కలిపి ఆ నీళ్లు చుట్టూ చిలకరిస్తారు, తరవాత ధూపం తిప్పుతారు. ఇదంతా సవ్యంగా, అంటే మనం ప్రదక్షిణ చేసే దిశలోనే.

ఆపైన వలయం గీయడం. నిజంగా సుద్దతో గీసేవాళ్లున్నారు, నల్ల పిడి కత్తి గాల్లో చాపి చుట్టూ నడిచేవాళ్లున్నారు. పాత పద్ధతిలో వలయం అడ్డం తొమ్మిది అడుగులు. ఆ లోపలి భాగం ఈ లోకానికీ దేవతల లోకానికీ మధ్య ఉంటుందని భావన. తరవాత దిక్కులను ఒక్కొక్కటిగా పిలుస్తారు: తూర్పు గాలికి, దక్షిణం నిప్పుకు, పడమర నీటికి, ఉత్తరం మట్టికి. మన అష్టదిక్పాలకుల లెక్కతో పోల్చి చూస్తే తికమకపడతారు. పడమర నీళ్లు ఒక్కటే సరిపోతుంది.

తరవాత దేవతను ఆహ్వానిస్తారు. దీని గురించి కింద విడిగా రాశాను. ఆ తరవాతే సంకల్పాల పని. కాగితం మీద కోరిక రాసి కాలుస్తారు, తాడుకు ముడులు వేస్తారు, కొవ్వొత్తి మీద సూదితో అక్షరాలు గీకుతారు, చేతులు పట్టుకుని పాడుతూ గుండ్రంగా తిరుగుతూ వేగం పెంచి ఒక్కసారిగా ఆగుతారు. ఆ వేగంలో పుట్టిన శక్తి శంకువు ఆకారంలో పైకి లేచి కోరిన చోటికి వెళ్తుందని నమ్మకం.

చివర్లో రొట్టె, వైన్. నాకు ఇష్టమైన భాగం ఇదే. నేను వెళ్లే సర్కిల్‌లో ఓ పెద్దావిడ ఓట్ పిండి, తేనె కలిపి నెలవంక ఆకారంలో బిస్కెట్లు చేసి తెస్తుంది. అంచులు ఎప్పుడూ కాస్త మాడి ఉంటాయి. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా జామ్ సీసాల్లో పెడతారు. బిస్కెట్ పళ్లెం చేతులు మారుతుంటే ఇచ్చేవాళ్లు "నీకెప్పుడూ ఆకలి కలగకూడదు" అంటారు, గిన్నె అందిస్తూ "నీకెప్పుడూ దాహం కలగకూడదు" అంటారు. మొదటి ముక్క, మొదటి గుక్క మాత్రం ఎవరూ ముట్టరు. అవి చెట్టు మొదట్లో వదిలేస్తారు. వలయం నుంచి బయటికొచ్చాక దారి పొడవునా ఆఫీసు కబుర్లే.

దిక్కులకు సెలవు చెప్పి, వలయం విప్పి, సంతోషంగా కలిశాం, సంతోషంగా విడిపోదాం, మళ్లీ సంతోషంగా కలుద్దాం అన్న మాటలతో ముగిస్తారు.

'చంద్రుణ్ణి దించడం' అంటే ఏమిటి? మన పూనకం లాంటిదా?

గార్డ్‌నర్ సంప్రదాయంలో పౌర్ణమి ఆచారానికి ఇదే గుండెకాయ. ప్రధాన పూజారిణి పీఠం ముందు చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకుని నిలబడుతుంది. పూజారి మోకాళ్లపై కూర్చుని ఆమె పాదాలతో మొదలుపెట్టి అయిదు చోట్ల ముద్దుపెట్టి, దేవత ఆమెలోకి దిగాలని ప్రార్థిస్తాడు. ఆమె చేతులు విప్పి చాపుతుంది. అక్కణ్ణుంచి ఆమె మాట దేవత మాట. సాధారణంగా ఆమె పలికేది పైన చెప్పిన వాలియంటే పాఠమే. కొన్ని రాత్రులు అందులో లేని మాటలూ వస్తాయని చెబుతారు.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగం చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమెను ఊరంతా ప్రశ్నలడుగుతుంది, వానలెలా పడతాయో చెప్పమంటుంది. ఇక్కడ అలా ఉండదు. భవిష్యత్తు చెప్పడం ముఖ్యం కాదు, డప్పులుండవు, చూసేవాళ్లు ఓ పది మంది. వచ్చేది ఉగ్రంగా కాదు, చాలా నెమ్మదిగా. ఒకసారి చూస్తూ, ఇది పూనకమా పద్యం అప్పజెప్పడమా అని నాకు అనుమానం వచ్చిన మాట నిజం. అడిగితే ఆ పూజారిణి, కొన్నిసార్లు అదీ కొన్నిసార్లు ఇదీ అని నిజాయితీగా చెప్పింది.

చంద్రుణ్ణి దించడం అన్న ఆలోచన మాత్రం నిజంగా పాతది. థెస్సలీ ప్రాంతపు మంత్రగత్తెలు చంద్రుణ్ణి కిందికి లాగగలరని గ్రీకులు చెప్పుకునేవారు. క్రీ.పూ. 423లో ఏథెన్స్‌లో ఆడిన అరిస్టోఫేనిస్ హాస్యనాటకం 'మేఘాలు'లో అప్పులపాలైన ఒక ముసలాయన ఇలా ఆలోచిస్తాడు: ఓ థెస్సలీ మంత్రగత్తెను కొనుక్కొచ్చి, చంద్రుణ్ణి దింపించి, గుండ్రటి పెట్టెలో పెట్టి దాచేస్తే నెల తిరగదు; నెల తిరక్కపోతే వడ్డీ కట్టనక్కర్లేదు! ఆ గ్రీకు మాటకూ గార్డ్‌నర్ ఆచారానికీ మధ్య ఎడతెగని పరంపర ఏదీ లేదు. పేరు, ఊహ మాత్రమే తీసుకున్నారు.

కత్తి ఎందుకు? బలి ఇస్తారా?

ఇవ్వరు. ఆ కత్తిని అథామే అంటారు. దానితో వస్తువులేవీ కోయకూడదని నియమం, అందుకే చాలావాటికి పదును కూడా ఉండదు. వలయం గీయడానికి, వైన్ గిన్నెలో కొన ముంచి దేవుడి, దేవతల కలయికను సూచించడానికి వాడతారు. మూలికలు కోయడానికి తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది.

బట్టలు లేకుండా చేస్తారట, నిజమేనా?

కొన్ని బృందాల్లో నిజం. లీలండ్ పుస్తకంలో నగ్నత్వం స్వేచ్ఛకు గుర్తు. గార్డ్‌నర్ స్వయంగా నగ్నజీవన క్లబ్బుల మనిషి, అతని కోవెన్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రికెట్ వుడ్‌లో అలాంటి క్లబ్బు ఆవరణలోనే జరిగేది. గార్డ్‌నర్, అతని తరవాత మరో శాఖ పెట్టిన అలెక్స్ సాండర్స్ పరంపరల్లోని కొన్ని కోవెన్లు ఇప్పటికీ పాటిస్తాయి, తలుపులు మూసి, దీక్ష తీసుకున్నవాళ్ల మధ్య. మీలాంటి అతిథిని పిలిచే సర్కిల్‌లో ఇది ఉండదు. అక్కడ జీన్స్, జాకెట్లు, చలికి మంకీ టోపీలు.

ప్రతి పౌర్ణమికీ సరిగ్గా ఆ రాత్రే చేయాలా?

అంత పట్టింపు లేదు. పౌర్ణమి నిజానికి ఒక క్షణం. ఉదాహరణకు 2026 మే 31 పౌర్ణమి ఘడియ మనకు మధ్యాహ్నం 2.15, లండన్‌లో ఉదయం 9.45, న్యూయార్క్‌లో తెల్లవారుజామున 4.45. కాబట్టి లండన్, న్యూయార్క్ వాళ్లు ముందు రాత్రి, అంటే 30వ తేదీ శనివారం రాత్రి చేసుకోవడం సబబు. ఒక రోజు ముందూ వెనకా పర్వాలేదంటారు. ఉద్యోగాల వల్ల దగ్గరి శనివారానికి జరుపుకునే బృందాలే ఎక్కువ. ఉగాది తేదీ డల్లాస్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి అయినప్పుడు తల పట్టుకునే మనకు ఈ గొడవ అర్థమవుతుంది.

మబ్బు పట్టినా చేస్తారు. ఇంగ్లండులో పుట్టిన మతం కదా, చంద్రుడు కనిపిస్తేనే చేయాలంటే ఎప్పుడో మూతపడేది.

అమావాస్య నాడు ఏం చేస్తారు?

ఇక్కడే తెలుగువాళ్లు ఉలిక్కిపడతారు. మనలో అమావాస్యకు కొత్త పని పెట్టుకోరు, ప్రయాణం కట్టరు. విక్కన్లు చంద్రుడు అసలు కనిపించని రాత్రినీ, తరవాత నెలవంక తొంగిచూసే సాయంత్రాన్నీ వేరువేరుగా చూస్తారు. మొదటిది విశ్రాంతికి, వదిలించుకోవడానికి, జోస్యానికి వాడే టారో కార్డుల్లాంటివి చూసుకోవడానికి. రెండోది కొత్త సంకల్పానికి. నెలవంక నుంచి పౌర్ణమి దాకా పెరగాలనుకునే పనులు, పౌర్ణమి తరవాత తగ్గాలనుకునే పనులు: అప్పు తీరడం, సిగరెట్ మానడం. శుక్లపక్షంలో శుభకార్యాలు పెట్టుకునే మనకు ఇందులో తర్కం కొత్తగా అనిపించదు. ఆ మాటకొస్తే మనం లక్ష్మీపూజ చేసుకునే దీపావళి కూడా అమావాస్యే.

ఒంటరిగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చేసుకునేవాళ్లు బోలెడంతమంది. మొదట్లో కోవెన్‌లో దీక్ష లేనిదే విక్కన్ కాడనేవారు. స్కాట్ కన్నింగ్‌హామ్ 1988లో ఒంటరి సాధకుల కోసం రాసిన పుస్తకం ఆ గేటు తీసేసింది. ఒంటరివాళ్ల పౌర్ణమి చాలా చిన్నది: కిటికీ దగ్గర కొవ్వొత్తి, ఓ గ్లాసు నీళ్లు లేదా పళ్లరసం, నాలుగు మాటలు, కాసేపు మౌనం. 'బుక్ ఆఫ్ షాడోస్' అనే సొంత నోట్‌బుక్‌లో ఆ రాత్రి ఏం చేశారో రాసుకుంటారు. అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్లు సాంబ్రాణి ముందు పొగ అలారం గురించి ఆలోచించాలి. ఇది సరదాకు అన్న మాట కాదు.

బ్లూ మూన్, గ్రహణాలకు ప్రత్యేకత ఉందా?

ఒకే ఇంగ్లిషు నెలలో రెండో పౌర్ణమి వస్తే బ్లూ మూన్. 2026 మేలో 1న, 31న రెండు వస్తున్నాయి. చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య 29.53 రోజులు, పన్నెండు కలిపితే 354 దాకా వస్తాయి. ఏడాదికి మిగిలే ఆ పదకొండు రోజులు పోగై వాళ్లకు పదమూడో పౌర్ణమిగా, మనకు అధికమాసంగా తేలతాయి. 2026లో మనకూ అధిక జ్యేష్ఠం ఉంది, ఆ మే 31 పౌర్ణమి అందులోదే. మనం అధికమాసంలో పెళ్లిళ్లు ఆపేస్తాం, వాళ్లేమో అరుదైన కోరికలకు దాన్నే దాచుకుంటారు.

గ్రహణం విషయంలో వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. నెలంతా జరిగే తరగడం, పెరగడం కొన్ని గంటల్లో జరుగుతాయి కాబట్టి అది బలమైన సమయమని కొందరంటారు. కొందరు ఆ రాత్రి ఏ పనీ పెట్టుకోరు. 2025 సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణానికి మన గుళ్లు మూసేశారు, ఎప్పట్లాగే శ్రీకాళహస్తి తెరిచి ఉంచారు. గ్రహణం దగ్గర రెండు పద్ధతులు మన దగ్గరా ఉన్నాయన్నమాట.

వోల్ఫ్ మూన్, స్ట్రాబెర్రీ మూన్ పేర్లు విక్కావా?

కావు. ఉత్తర అమెరికా ఆదిమజాతుల, అక్కడ స్థిరపడిన వలసవాసుల పిలుపుల నుంచి అమెరికన్ రైతుల పంచాంగాలు ఏర్చి ప్రచారం చేసినవి. విక్కన్లు వాడుకుంటారు. జనవరి తోడేలు చంద్రుడు, జూన్ స్ట్రాబెర్రీ చంద్రుడు, సెప్టెంబరులో కోతల చంద్రుడు. మనం పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో చూసి నెలకు పేరు పెట్టాం: చిత్త దగ్గర చైత్రం, కృత్తిక దగ్గర కార్తికం. వాళ్లు నేల మీద ఏం పండుతోందో, ఏ జంతువు తిరుగుతోందో చూసి పెట్టారు.

మూన్ వాటర్ తాగొచ్చా? రాళ్లు వెన్నెల్లో పెట్టాలా?

మూత పెట్టిన శుభ్రమైన సీసాలో తాగే నీళ్లు పోసి రాత్రంతా వెన్నెల్లో ఉంచితే అవి పొద్దున కూడా తాగే నీళ్లే. విక్కన్లు పీఠం మీద చల్లడానికి, మొక్కలకు పోయడానికి, స్నానానికి వాడతారు. ఇబ్బంది అందులో రాళ్లు వేసినప్పుడు. సెలినైట్ అంటే జిప్సమే, నీటిలో మెల్లగా కరుగుతుంది. మాలకైట్‌లో రాగి ఉంటుంది, ఆ నీళ్లు నోట్లో పోసుకోకూడదు. రాళ్లు గట్టు మీదే ఉండనివ్వండి. "పౌర్ణమి శక్తి నింపిన" సీసా నీళ్లు డబ్బులిచ్చి కొనకండి. మీ డాబా మీదా అదే చంద్రుడు.

ఇది సైతాను పూజా? చేతబడా?

రెండూ కావు. సైతాను క్రైస్తవ విశ్వాసంలోని పాత్ర. విక్కాలో ఆ పాత్రే లేదు. కొమ్ముల దేవుడి బొమ్మ చూసి పొరబడతారు, ఆ కొమ్ములు దుప్పివి. ఎవరికీ హాని కలగనంతవరకు నీకు నచ్చింది చెయ్యి అనేది వాళ్ల ప్రధాన నియమం. పంపింది మూడింతలై తిరిగొస్తుందని కూడా చాలామంది నమ్ముతారు. నియమం ఉంది కాబట్టి అందరూ పాటిస్తారని కాదు, ఏ మతంలోనైనా అంతే కదా.

మన వైపు మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడ 'విచ్' అని తమను తాము గర్వంగా పిలుచుకుంటారు. ఇక్కడ చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. బిహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో మంత్రగత్తెలన్న ముద్ర వేసి వేధించడాన్ని అడ్డుకునేందుకు ప్రత్యేక చట్టాలు చేయాల్సివచ్చింది. ఆ హింసకు బలైనవాళ్లెవరూ విక్కన్లు కారు, ఏ మంత్రమూ తెలియని పేదవాళ్లు. అందుకే మీ స్నేహితురాలి పౌర్ణమి ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో వేసి "మంత్రగత్తెలతో నేను" అని నవ్వులాటకు రాయకండి.

మనదేశంలో విక్కన్లు ఉన్నారా?

తక్కువే, ఉన్నారు. బాగా తెలిసిన పేరు కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి. 1980ల్లోనే తాను విక్కన్‌నని బహిరంగంగా చెప్పుకుని, మంత్రగత్తెలని ముద్ర పడిన గ్రామీణ స్త్రీల తరఫున మాట్లాడారు.

మన పౌర్ణమి పూజల్లోంచే తీసుకున్నారా?

గార్డ్‌నర్ సిలోన్, మలయాల్లో దశాబ్దాలు గడిపాడు, ఆసియా మతాల మీద ఆసక్తి ఉన్నవాడే. దాన్ని పట్టుకుని "ఇదంతా మనదే" అనేవాళ్లను చూశాను. అతని ఆచారాల్లో తేలిగ్గా గుర్తుపట్టగల మూలాలన్నీ యూరప్‌వే. పౌర్ణమికి మనుషులు గుమిగూడటం ఎవరి పేటెంటూ కాదు, వెలుతురు ఉన్న రాత్రి అది. మన సత్యనారాయణ వ్రతంలో కథ వినడం, ప్రసాదం తినడం ముఖ్యం. వాళ్లకు వలయం ముఖ్యం. పోల్చి చూడండి, కలిపేయకండి.

అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు దీన్ని మతంగా ఒప్పుకుంటాయా?

అమెరికాలో 1986లో వర్జీనియా జైలు ఖైదీ ఒకరు వేసిన కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు విక్కా మతమేనని తేల్చింది. పూజకు అతనడిగిన వస్తువులు మాత్రం ఇప్పించలేదు. 2007 నుంచి సైనికుల సమాధి రాళ్ల మీద అయిదు మొనల నక్షత్రం గుర్తు చెక్కించుకోవచ్చు. బ్రిటన్‌లో జనాభా లెక్కల్లో విడిగా కనిపిస్తుంది. 1893లో వివేకానందుడు మాట్లాడిన సర్వమత మహాసభ నూరేళ్లకు 1993లో మళ్లీ షికాగోలో జరిగినప్పుడు విక్కన్లు ప్రతినిధులుగా వచ్చి, గ్రాంట్ పార్కులో పౌర్ణమి ఆచారం బహిరంగంగా జరిపారు.

ఆస్ట్రేలియాలో దిక్కులు మారతాయట?

అక్కడ సూర్యుడు ఉత్తరం వైపుగా నడుస్తాడు. అందుకని నిప్పును ఉత్తరానికి, మట్టిని దక్షిణానికి మార్చి, వలయాన్ని గడియారానికి ఎదురుదిశలో వేసేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిషు పుస్తకంలో ఉన్నట్టే చేసేవాళ్లూ ఉన్నారు. మెల్‌బోర్న్‌లో సర్కిల్‌కి వెళ్తే ఎటు తిరుగుతారో ముందువాళ్లను చూసి అడుగేయండి.

నెలసరి సమయంలో వెళ్లొచ్చా?

నిరభ్యంతరంగా. అంటు, మైల అన్న ఆలోచనే లేదు. పైగా చంద్రుడికీ స్త్రీ శరీరానికీ బంధం ఉందని నమ్ముతారు కాబట్టి కొన్ని బృందాల్లో దాన్ని గౌరవంగా చూస్తారు. 1971లో లాస్ ఏంజెలెస్‌లో జుజన్నా బుడపెస్ట్ మొదలుపెట్టిన డయానిక్ శాఖ స్త్రీలకే పరిమితం. మిగతా చోట్ల ఆడా మగా అందరూ ఉంటారు.

డబ్బులు అడుగుతారా?

హాలు అద్దెకు చందా డబ్బా పెడితే అది మామూలే. బ్రిటిష్ సంప్రదాయంలో దీక్షకు డబ్బు తీసుకోవడం తప్పు. పైగా దీక్షకు ముందు ఒక ఏడాదీ ఒక రోజూ ఆగమనడం వాడుక. మొదటిరోజే దీక్ష ఇస్తాం, ఇంత ఫీజు అంటే లేచి వచ్చేయండి.

అతిథిగా వెళ్తే ఏం తీసుకెళ్లాలి, ఎలా ఉండాలి?

తినడానికి ఏదైనా. మన పులిహోర పట్టుకెళ్తే గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. వైన్ తాగకపోతే ముందే చెప్పండి, పళ్లరసం ఉంటుంది. లేదా గిన్నెకు నుదురు తాకించి పక్కవాళ్లకు అందించినా ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ ఆపండి. ఎవరు వచ్చారన్నది బయట చెప్పకండి, ఉద్యోగాల్లో, కుటుంబాల్లో చెప్పుకోని వాళ్లు ఉంటారు. పీఠం మీది వస్తువులు అడక్కుండా ముట్టకండి. నమ్మకం లేని మాట పలకనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు.

మధ్యలో బయటికి రావాలనిపిస్తే?

ఒక్కసారిగా గీత దాటి నడిచెయ్యకండి, వాళ్లకు అది నొప్పి. మెల్లగా చెయ్యెత్తండి. ఎవరో ఒకరు కత్తితో గాల్లో తలుపు ఆకారం కోసి పక్కకు జరుగుతారు. మీరు బయటికి వెళ్లాక దాన్ని మూసేస్తారు. కారణం అడగరు. బాత్రూంకే అయితే తిరిగొచ్చి అక్కడే నిలబడండి, మళ్లీ తీస్తారు.